ముప్పై ఏళ్ల అప్పు, మన వైజాగ్, మధ్యలో ఒక గెడ్డ

ప్రశ్న:

నమస్తే సార్. నాకు 33 ఏళ్లు, మావారికి 36. పాపకి నాలుగేళ్లు. ఆయన రుషికొండ దగ్గర ఒక కంపెనీలో చేస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. చేతికొచ్చేది ఆయనకి 62 వేలు, నాకు 28 వేలు. మధురవాడలో 12 వేల అద్దెకి ఉంటున్నాం. కొమ్మాది వైపు 50 లక్షల్లో ఒక ఫ్లాటు చూశాం. బిల్డింగు పూర్తయింది, ఓసీ (కాపురం ఉండొచ్చని కార్పొరేషన్ ఇచ్చే ధ్రువపత్రం) ‘వచ్చేస్తుంది’ అంటున్నారు. బ్యాంకు 40 లక్షలు ఇస్తానంది. మా దగ్గర 14 లక్షలున్నాయి. 20 ఏళ్లకైతే ఈఎంఐ బరువు, 30 ఏళ్లకి పెట్టుకుందాం అంటారు మావారు. ‘వైజాగ్ ఇప్పుడే లేస్తోంది, గూగుల్ వస్తోంది, ఎయిర్‌పోర్టు వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇక మన వల్ల కాదు’ అని ఒకటే మాట. మా మావగారు స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ‘మనకి అన్నం పెట్టిన ఊరు, ఇక్కడ సొంత గుమ్మం లేకపోతే ఎలా’ అంటారు. మా పుట్టిల్లు శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్ల అప్పు అనేసరికి మా అమ్మ ఫోన్లోనే శోకాలు మొదలెట్టింది. మొన్నటి వానలకి ఆ ఫ్లాటు ముందు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు చూశాను. ఇంటికొచ్చి చెబితే ‘అవన్నీ కార్పొరేషన్ చూసుకుంటుంది, నీకసలు ఈ ఊరంటే ప్రేమ లేదు’ అన్నారు. నాకు నిజంగానే ప్రేమ లేదా? లేక నా భయంలో న్యాయం ఉందా?

– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం:

అమ్మా, మోకాలి లోతు నీళ్లు చూసి, ఇంటికొచ్చి మరీ చెప్పిన మనిషికి ఊరంటే ప్రేమ లేదనడం అన్యాయం. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు డబ్బు మాట తేల్చేద్దాం. అది లెక్క కాబట్టి తేలుతుంది.

లెక్క తేలికగా ఉండడానికి వడ్డీ 8 శాతం అనుకుందాం. 40 లక్షలకి 20 ఏళ్లయితే ఈఎంఐ సుమారు 33,458. 30 ఏళ్లయితే 29,351. తేడా నెలకి 4,107 రూపాయలు. మీవారికి కనిపిస్తున్నది ఈ నాలుగు వేలే. ఆయనకి కనిపించనిది చివర్లో ఉంది. 20 ఏళ్లలో మీరు కట్టే వడ్డీ 40 లక్షల 30 వేలు, 30 ఏళ్లలో కట్టేది 65 లక్షల 66 వేలు. నెలకి నాలుగు వేలు తగ్గించుకున్నందుకు పాతిక లక్షలు ఎక్కువ. ఆ మిగిలిన నాలుగు వేలు ఎస్‌ఐపీలో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే వాయిదా) వేసుకుంటే ఎక్కువ కట్టిన వడ్డీ తిరిగి వచ్చేస్తుందని యూట్యూబులో చెబుతుంటారు. వేస్తే రావచ్చు, గ్యారంటీ మాత్రం లేదు. అలా వేసినవాళ్లను నా బ్యాంకు సర్వీసు మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బ్యాంకులో లోన్ల సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను. పదేళ్లు కట్టాక స్టేట్‌మెంట్ తీసుకుని, కళ్లజోడు సర్దుకుని రెండోసారి చదివేవాళ్లు ఎంతమందో. మీ లెక్కే చూడండి. 30 ఏళ్ల లోనులో మొదటి నెల కట్టే 29,351లో వడ్డీయే 26,667 పోతుంది. అసలుకి జమయ్యేది 2,684. పదేళ్లలో మీరు కట్టేది 35 లక్షల పైచిలుకు. అప్పటికి ఇంకా బాకీ ఎంతో తెలుసా? 35 లక్షల 9 వేలు. పదేళ్ల కష్టానికి అసలులో తగ్గేది ఐదు లక్షల లోపే. అదే 20 ఏళ్ల లోనైతే పదో ఏటికి బాకీ 27 లక్షల 58 వేలకి దిగుతుంది. అప్పటికి మీ పాపకి పద్నాలుగు, ఇంటర్ ఫీజులు గుమ్మం ముందు నిలబడి ఉంటాయి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. వడ్డీ పెరిగితే ఏమవుతుంది? 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకి తాను అప్పిచ్చే వడ్డీని) 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు, గడువు మాత్రం సాగిపోయింది. ఇంకో పదిహేనేళ్లలో తీరిపోతుందనుకున్న అప్పు పాతికేళ్లదైందని ఆలస్యంగా తెలిసింది. 20 ఏళ్ల లోను తీసుకున్నవాడికి కనీసం సాగడానికి చోటుంది. మీ లోనే 20 ఏళ్లదై, మొదట్లోనే వడ్డీ 9 శాతానికి చేరిందనుకోండి, అదే 33,458 కడుతూ పోతే పాతికేళ్ల నాలుగు నెలలకి తీరుతుంది. 30 ఏళ్ల లోనులో? 9 శాతం మీద మొదటి నెల వడ్డీయే 30 వేలు. మీ ఈఎంఐ 29,351. అంటే ఈఎంఐ వడ్డీకే చాలదు, అసలు తగ్గకపోగా పెరుగుతుంది. అలా పెరగనివ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో నిబంధన పెట్టింది కాబట్టి ఈఎంఐ పెంచి తీరాలి, 32 వేలు దాటుతుంది. తప్పించుకుందామనుకున్న బరువు దాదాపు అలాగే నెత్తికెక్కుతుంది, పైగా ముప్పై ఏళ్లూ దిగదు. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే అనుకోండి, పెనం దిగామన్న తృప్తి తప్ప ఏమీ ఉండదు.

మీవారి వయసు కూడా కలపండి. 36కి 30 కలిపితే 66. జీతం ఆగిపోయిన ఆరేళ్లకి చివరి ఈఎంఐ. మీ మావగారిని అడగండి, రిటైరైన రోజున ఆయన మీద ఎంత బాకీ ఉందని.

ఇంత చెప్పి, 30 ఏళ్లు వద్దే వద్దంటానని మీరు అనుకుంటూ ఉంటారు. అననమ్మా. కాగితం మీద 30 ఏళ్లు పెట్టుకోండి, కట్టేది మాత్రం 20 ఏళ్ల లెక్కన కట్టండి. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు పెరిగితే పెరిగి, తగ్గితే తగ్గే వడ్డీ) మీద ఇంటి లోను తీసుకున్న వ్యక్తుల దగ్గర ముందస్తు చెల్లింపుకి బ్యాంకు జరిమానా వసూలు చేయకూడదు. నెలనెలా ఆ 4,107 అదనంగా వేస్తే 20 ఏళ్లకే అప్పు తీరిపోతుంది. ఉద్యోగంలో ఒడిదుడుకులొచ్చినా, ఇంట్లో జబ్బు చేసినా ఆ రెండు మూడు నెలలు అదనం ఆపి మామూలు ఈఎంఐ కట్టుకుంటారు. బ్యాంకువాళ్లెవరూ తలుపు తట్టరు. అంతా చేయలేకపోతే ఏడాదికొక ఈఎంఐ ఎక్కువ కట్టినా సుమారు 23 ఏళ్లకి బయటపడతారు. ఒక్క జాగ్రత్త: అదనంగా కట్టిన ప్రతిసారీ ‘గడువు తగ్గించండి, ఈఎంఐ కాదు’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. కొన్నిచోట్ల ఏమీ చెప్పకపోతే ఈఎంఐ తగ్గించేసి ఊరుకుంటారు, మీరు సంతోషపడతారు, వడ్డీ మాత్రం తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది.

33,458 మీకు మోయగలిగిన బరువేనా అంటే, 90 వేలలో అది 37 శాతం. మోయగలరు, కష్టంగా. ఏదో కారణానికి మీరు ఉద్యోగం మానితే ఆయన ఒక్కడి జీతంలో అది సగం దాటుతుంది. అందుకే ఇప్పుడే ఒక ఆరు నెలలు రిహార్సల్ వేయండి. అద్దె 12 వేలు పోగా మిగతా ఇరవై ఒకటిన్నర వేలు ప్రతి ఐదో తారీఖున ఆర్డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. ఏ నెలైనా ఆర్డీ తప్పిందంటే ఈఎంఐ కూడా తప్పేది. తప్పకపోతే లక్షా ముప్పై వేలు మీ దగ్గరే ఉంటాయి.

ఆ డబ్బు మీకు చాలా అవసరం కూడా. ఎందుకంటే మీ 14 లక్షల లెక్కలో ఒక చిల్లు ఉంది. మీ వాటా 10 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మూడు లక్షల 75 వేలు. ఇది బ్యాంకు లోనులోకి రాదు. మిగిలింది పాతిక వేలు. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, కిటికీలకి దోమతెరలు పెట్టించేసరికి అది కూడా ఉండదు. ఇక ఓసీ రాకముందే డబ్బు కట్టారనుకోండి, 45 లక్షలు దాటిన ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, ఇంకో రెండున్నర లక్షలు. ఓసీ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ లేదు. ‘వచ్చేస్తుంది’ అన్న ఒక్క మాట ఖరీదు రెండున్నర లక్షలన్నమాట. అది చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. పన్ను మిగులుతుందని ఎవరైనా అంటే, కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ‘మన వైజాగ్’ సంగతి.

మీవారు చెప్పే కారణాలు చూడండి. గూగుల్ 2025 అక్టోబరులో డేటా సెంటర్ ప్రకటించింది, నిజమే. డేటా సెంటర్‌లో డబ్బు ఎంత పడుతుందో మనుషులు అంతమంది పట్టరు. అందులో యంత్రాలు ఎక్కువ, కుర్చీలు తక్కువ. ఎయిర్‌పోర్టు భోగాపురంలో, అది విజయనగరం జిల్లా. దాన్ని కూడా మన వైజాగ్ ఖాతాలోనే వేసుకుంటాం, విజయనగరం వాళ్లు ఏమనుకుంటారో ఎప్పుడూ అడగలేదు. రైల్వే జోను 2019లో ప్రకటించారు, దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. 2019 చివర్లో విశాఖే పరిపాలనా రాజధాని అన్న మాట వినపడగానే ఉన్నదంతా ఊడ్చి స్థలాలు కొన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల గురించి ఎక్కువ రాయను, కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు. ఊరు పెరగదని కాదు నేననేది, పెరుగుతుంది. ప్రకటన నిజమవడానికి ఐదేళ్లో పదేళ్లో పడుతుంది, మీ ఈఎంఐ మాత్రం వచ్చే నెల ఐదో తారీఖునే మొదలవుతుంది. పైగా పేపర్లో వార్త వచ్చిన వారానికే బిల్డరు దాన్ని ధరలో కలిపేసి ఉంటాడు. మీరు కొనేది ఆ కలిపిన ధరకే.

మీ మావగారి మాట వేరు. ఆయన దగ్గర లాభం లెక్క లేదు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం రోడ్లెక్కితే, ప్రాణాలు పోతే, 1971లో శంకుస్థాపన జరిగిన ప్లాంటు అది. అందులో పని చేసినవాళ్లకి ఈ ఊరు ఉద్యోగం ఇచ్చిన చోటు మాత్రమే కాదు, పోరాడి తెచ్చుకున్న చోటు. ఉక్కునగరం క్వార్టర్లలో సర్వీసంతా గడిపి, రిటైరైన రోజున తాళం చెవి అప్పజెప్పి బయటికి వచ్చిన మనిషికి సొంత గుమ్మం మీద ఎంత ఆశ ఉంటుందో అర్థం చేసుకోగలను. ఆయన మాటకి నేను ఎదురు చెప్పను. ఊరి మీద ప్రేమకి సొంత గుమ్మం ఉండి తీరాలన్న ఒక్కచోట మాత్రం ఒప్పుకోను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ఎంవీపీ కాలనీలో మా సందు. నేను బ్యాంకు ఉద్యోగిని కాబట్టి తక్కువ వడ్డీకి దొరికిన లోనుతో కట్టుకున్న ఇల్లు. అది కట్టినప్పుడు, కౌంటరుకి అవతల నిలబడ్డవాళ్లు పద్నాలుగు శాతానికి తీసుకున్న రోజులు. సోమవారం తెల్లారి తలుపు తీస్తే సందుకి అడ్డంగా నాలుగు చెట్లు, తెగిన కరెంటు తీగలు, ఎవరిదో నీళ్ల ట్యాంకు మా గోడ మీద. ఇళ్లున్న మేమందరం ఎవరి గేటు దగ్గర వాళ్లం నిలబడి ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం చూస్తున్నాం. కార్పొరేషన్ వాళ్లు ఎప్పుడొస్తారో అని చర్చ. అప్పుడు మూడో ఇంటి మేడ మీద అద్దెకుంటున్న ఒడిశా కుర్రాడు, నేవీలో చేసేవాడు, లుంగీ పైకి కట్టి, చేతి రంపం ఒకటి పట్టుకుని దిగాడు. ఎవరితో ఏమీ అనలేదు. మొదటి చెట్టు కొమ్మలు కోయడం మొదలుపెట్టాడు. అరగంటకి మేమూ దిగాం, సిగ్గుపడి. సాయంత్రానికి పాలబండి లోపలికి వచ్చేంత దారి చేశాం. వాడికి ఈ ఊళ్లో గజం నేల లేదు. రెండేళ్లకి బదిలీ అయి వెళ్లిపోయాడు కూడా.

కాబట్టి అద్దె ఇంట్లో ఉండి ఊరిని ప్రేమించొచ్చు. అదే మీరు మీవారికి చెప్పాల్సిన మొదటి మాట. రెండో మాట ఇంకా ముఖ్యం. ముప్పై ఏళ్లు కాదు, ఇరవై ఏళ్లయినా ఒక చోటికి కట్టుబడేవాడు ‘కార్పొరేషన్ చూసుకుంటుంది’ అని అనకూడదు. అద్దెకున్నవాడికి నీళ్లొస్తే సామాను సర్దుకుని వెళ్లిపోతాడు. మీరు వెళ్లలేరు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన ఊరు దేశంలో మూడోదని చెప్పుకుని ఎంత మురిసిపోయామో నాకు గుర్తుంది. బీచ్ రోడ్డు చూసి వెళ్లిన చుట్టాలు ఎంత శుభ్రంగా ఉందో అంటారు. కొమ్మాది సందుల్లోకి చుట్టాలు రారు.

మన ఊరు ఎలా పెరిగిందో చూస్తే ఆ నీళ్లు ఎందుకు నిలిచాయో తెలుస్తుంది. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టూ ఉన్న 32 ఊళ్లను కలిపి జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) చేశారు. పంచాయతీ రోజుల్లో మీ వైపు కొండ వాలున పొలాలు, తోటలు. కొండ మీద పడ్డ నీరు గెడ్డల్లో (కొండవాగుల్లో) దిగి, గట్ల పక్కనుంచి సముద్రానికి పోయేది. లేఅవుట్లు పడ్డాయి, గట్లు రోడ్లయ్యాయి, గెడ్డలు కొన్నిచోట్ల కాలువలయ్యాయి, కొన్నిచోట్ల సెల్లార్లయ్యాయి. నీటికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పాత దారినే వస్తోంది. ఇంత మారుతున్న కాలంలో ఈ ఊరికి 2007 తర్వాత మళ్లీ 2021లోగానీ కార్పొరేషన్ ఎన్నికలు జరగలేదు. మధ్యలో ఏళ్ల తరబడి ఏ వార్డులోనూ ‘మా వీధి కాలువ ఏమైంది’ అని నిలదీయడానికి కార్పొరేటర్ అన్నవాడే లేడు. దాని గురించి ఊరు పెద్దగా గొడవ చేసినట్టు కూడా నాకు గుర్తులేదు. ఐ లవ్ వైజాగ్ అన్న అక్షరాల ముందు ఫొటోలు మాత్రం అందరం దిగాం.

మీరు చూసిన ఆ నీళ్లు వానాకాలపు చిరాకేనా, గెడ్డ దారేనా అన్నది తేల్చుకోవాలి. చిరాకైతే కాలువ పూడిక తీస్తే పోతుంది. వార్డు సచివాలయంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు, పదిమంది కలిసి అడగొచ్చు, కొన్నాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఉంటుంది. గెడ్డ దారైతే ఎవరూ తీర్చలేరు. ఆ సర్వే నంబరు గ్రామ నక్షాలో చూపించమనండి, పక్కన గెడ్డ పోరంబోకు ఉందేమో, మీ బిల్డింగు ప్రహరీ దాని మీద కూర్చుందేమో సర్వేయరుతో చూపించుకోండి. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ నంబరు లేదని నిర్ధారించుకోండి. సింహాచలం దేవస్థానం భూముల తగాదా ఉన్న పంచగ్రామాల్లో ఇళ్లు కట్టుకుని దశాబ్దాలుగా హక్కు కోసం తిరుగుతున్నవాళ్లను చూస్తే ఈ కాగితాల విలువ తెలుస్తుంది. ఈసీ (ఆస్తి మీద పాత లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకపు దస్తావేజులు), యూడీఎస్ (స్థలంలో మీ ఫ్లాటు వాటా) ఎన్ని గజాలు, రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నంబరు, ఇవన్నీ మామూలే, లాయరు చూస్తాడు. రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్ల లోపు కట్టడంలో లోపాలు బయటపడితే బిల్డరే బాగుచేయించాలి. వీధిలో నీళ్లు ఆ లోపాల్లోకి రావు. నీళ్ల సంగతి లాయరు చూడడు. అది మీరే చూడాలి, మీరు చూశారు కూడా.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ ఫ్లాటుకి ఇప్పుడు ఊ అనకండి. ఓసీ రావాలి, నక్షా చూడాలి, ఆర్డీ ఆరు నెలలు తప్పకుండా నడవాలి, చేతిలో కనీసం రెండు మూడు లక్షలు మిగిలేలా ధర గానీ ఫ్లాటు గానీ మారాలి. ఈలోపు ఎవరో కొనేసుకుంటే కొనేసుకోనివ్వండి. అన్నీ సరిపోతే లోను 30 ఏళ్లకి తీసుకుని 20కి తీర్చండి. ఆయన పేరు మీద విడిగా ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) తీసుకోండి, లోనులో కలిపి ఇచ్చేది కాకుండా. మీ అమ్మగారికి మాత్రం ఇరవై ఏళ్లనే చెప్పండి, అబద్ధం కాదు కదా. కొన్నాక ఇంటిపన్ను ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది. ఆ రసీదు జేబులో పెట్టుకుని కాలువ గురించి అడగడానికి వెళ్తే గొంతు కాస్త గట్టిగా వస్తుంది, ఇది నా అనుభవం.

ఇంకో పని చేయండి. ఈసారి గట్టి వాన పడ్డ రోజు మీరిద్దరే వెళ్లకండి, మీ మావగారిని కూడా తీసుకెళ్లండి. ఆ వీధి చివర కాసేపు నిలబడమనండి. ప్లాంటు కట్టే రోజుల నుంచి ఈ ఊళ్లో ఉన్న మనిషి, ఏ కొండ నీరు ఎటు దిగేదో ఆయనకి గుర్తుండొచ్చు. గుర్తుండి, ‘ఇక్కడ వద్దమ్మా’ అని ఆయనే అంటే, ఇక మీవారితో మీరు వాదించాల్సిన పని ఉండదు.